కాటా లెక్కలు ఎక్సెల్‌లోకి: ఇందుకూరుపేట ప్రాజెక్టు డైరీ

సోమవారం

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర రొయ్యలు కొనే కాటా ఒకటి ఉంది. అక్కడి లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే చూస్తుంటాను. కోడ్ పీహెచ్‌పీ భాషలో, డేటా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో, నడిచేది చాలామంది పంచుకునే చవక సర్వర్ (షేర్డ్ హోస్టింగ్) మీద. అంతకు మించి ఆర్భాటం లేదు. గుంట (రొయ్యల చెరువు) గట్టు మీద తూకం వేయగానే కుర్రాళ్లు ఫోన్లో ఎంట్రీ కొడతారు: రైతు పేరు, గుంట నంబరు, కౌంట్, కిలోలు, తరుగు, రేటు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది.

లెక్కలన్నీ తెర మీద కనిపిస్తాయి గానీ బయటికి రావు. ఇన్నాళ్లూ గుమస్తా మావ తెర చూసి చేత్తో ఎక్సెల్‌లో కొట్టి, నెల్లూరులో ఉండే ఆడిటర్ గారికి పంపుతున్నాడు. ఓనరన్న ఈ ఉదయం ఫోన్ చేశాడు. "ఒక బటన్ పెట్టు తమ్ముడూ. నొక్కితే ఎక్సెల్ దిగాల. మావకి కళ్లు కనపడక సచ్చిపోతన్నాడు."

టేబుల్లో ఉన్నది ఫైల్లో పోయడం వరకే అయితే పది లైన్ల కోడ్. అయినా వారం గడువు అడిగాను. దిగిన ఫైలును డబుల్ క్లిక్ చేసేది నేను కాదు. ఆడిటర్ ఆఫీసులో ఎవరో ఒక అమ్మాయి, ఆమె కంప్యూటర్లో ఆమెకున్న సెట్టింగులతో తెరుస్తుంది. అక్కడ సరిగ్గా కనిపిస్తేనే పని అయినట్టు.

మొదట చేసిన పని, మావ చేత్తో తయారుచేసే షీటు తెప్పించుకోవడం. నా టేబుల్లో కాలమ్స్ చాలా ఉన్నాయి. వాటిలో సగం నాకు తప్ప ఎవరికీ అక్కర్లేనివి: రైతు ఐడీ, ఎంట్రీ కొట్టిన ఫోన్ ఐడీ, మార్చిన సమయం వగైరా. మావ షీటులో ఉన్నవి ఇవి: సీరియల్, తేదీ, రైతు, ఊరు, గుంట, కౌంట్, కిలోలు, తరుగు, నికరం, రేటు, మొత్తం, ఖాతా నంబరు, రిమార్కు. అదే వరుస, అవే పేర్లు పెట్టేశాను. ఆడిటర్ గారికి ఏళ్లుగా అలవాటైన షీటు అది, దాన్ని మార్చే హక్కు నాకెక్కడిది? ఒకటి మాత్రం చేర్చాను, ఫోన్ నంబరు. మా జిల్లాలో ఏ లిస్టు తీసినా పెంచలయ్యలు ఇద్దరు ముగ్గురైనా తగులుతారు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఉన్నా ఆశ్చర్యం లేదు.

మంగళవారం

అసలు లెక్కల జోలికి పోకుండా పరీక్ష కోసం వేరే ఒక టేబుల్ కట్టి, అందులో కావాలని చిక్కు వరుసలు పెట్టాను. పేరులో కామా ఉన్న రైతు. రిమార్కులో ఎంటర్ కొట్టి రెండు లైన్లు రాసిన వరుస. కొటేషన్ గుర్తులున్నది ఒకటి. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు, 17 అంకెల ఖాతా నంబరు. 3-4 అనే గుంట. 12ఈ4 అనే గుంట. ఆ మధ్యలోది ఇంగ్లీష్ ఈ, తూర్పు గట్టు అని అర్థం. ప్లస్ గుర్తుతో మొదలయ్యే ఫోన్ నంబరు. ఈక్వల్ గుర్తుతో మొదలయ్యే రిమార్కు. అర్ధరాత్రి దాటాక 1:40కి వేసిన తూకం.

వీటిలో ఏదీ ఊహించి రాసింది కాదు, ఇలాంటివన్నీ కాటాలో రోజూ పడేవే.

ముందు సీఎస్‌వీ అనే సాదా అక్షరాల ఫైలుతో మొదలుపెట్టాను. కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య కామా, వరుసకీ వరుసకీ మధ్య కొత్త లైను, అంతే. 2005లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం దీనికి పద్ధతి రాసిపెట్టింది. లోపల కామా గానీ కొత్త లైను గానీ ఉంటే ఆ గడి మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. లోపలే డబుల్ కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. పీహెచ్‌పీలో ఉన్న ఎఫ్‌పుట్‌సీఎస్‌వీ అనే ఫంక్షన్ ఈ పని చూసుకుంటుంది. కాకపోతే దానికి బ్యాక్‌స్లాష్‌ను ప్రత్యేకంగా చూసే పాత అలవాటు ఒకటి ఉంది. ఆ పద్ధతి ఆర్‌ఎఫ్‌సీలో లేదు. ఎస్కేప్ అక్షరాన్ని (ఆ బ్యాక్‌స్లాష్ ఉండే చోటును) ఖాళీగా పెడితే ఆ గొడవ ఉండదు. చేత్తో కామాలు అతికించే కోడ్ మాత్రం ఎవరూ రాయకండి.

కామా, కోట్, రెండు లైన్ల వరుసలు శుభ్రంగా పాసయ్యాయి. ఇవాళ్టికి చాలు.

బుధవారం

ఫైలు మావకి పంపి డబుల్ క్లిక్ చేయమన్నాను. వెంటనే ఫోన్.

"ఏందబ్బయ్యా ఇది, రైతుల పేర్లు యాడికి పోయినాయి? మంత్రాలు రాసినట్టుండాదే!"

నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ ఏ, ప్లస్ మైనస్ గుర్తు. వరుసంతా ఇదే. దీన్ని చూడగానే తెలుగే పాడైందని చెప్పొచ్చు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకు నంబర్లిచ్చే పట్టిక) కేటాయించిన నంబర్లను యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రాస్తే ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఆ బైట్లను పాత విండోస్ అక్షరాల పట్టికతో చదివితే మొదటిది గీత ఉన్న ఏ అవుతుంది, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్సో అవుతుంది. డేటా చెడిపోలేదు, చదివే పట్టిక వేరే అయింది. సీఎస్‌వీలో "నేను ఫలానా ఎన్‌కోడింగ్" (అక్షరాలను బైట్లుగా రాసిన పద్ధతి) అని చెప్పుకునే చోటే లేదు, అందుకని ఎక్సెల్ డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు ఆ కంప్యూటర్‌లో ఉన్న పట్టికనే వాడుకుంటుంది.

మందు తెలిసిందే. ఫైలు మొదట్లో బీఓఎమ్ అనే మూడు బైట్లు పెడితే ఎక్సెల్ యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది. పెట్టి మళ్లీ పంపాను, తెలుగు వచ్చింది.

అయితే ఆ మూడు బైట్లు కంటికి కనపడవు. అదే సీఎస్‌వీని వేరే ప్రోగ్రామ్ చదివితే, మొదటి కాలమ్ పేరుకు ముందు అవి అతుక్కుపోతాయి. "సీరియల్" అనే కాలమ్ కోసం వెతికితే దొరకదు, కళ్ల ముందే ఉన్నా దొరకదు. మనిషి తెరిచే ఫైలుకు బీఓఎమ్ కావాలి, యంత్రం చదివే ఫైలుకు వద్దు. రెండు బటన్ల ఆలోచన ఇక్కడే మొదలైంది.

గురువారం

తెలుగు వచ్చింది కదా అని మావ సంతోషంగా ఉన్నాడు. నేను మాత్రం పన్నెండో కాలమ్ చూశాను.

సున్నాతో మొదలైన ఖాతా నంబరుకు సున్నా లేదు. పన్నెండు అంకెలు, ఆపైన ఉన్నవి పాయింటు, ఈ, ప్లస్ గుర్తుతో సైన్సు పుస్తకం లెక్కలా కనిపిస్తున్నాయి. 17 అంకెల నంబరుకు చివరి రెండంకెలు సున్నాలైపోయాయి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే దాచుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలే. కాలమ్ వెడల్పు పెంచినా, ఫార్మాట్ మార్చినా అవి తిరిగి రావు. ఆ ఫైలునే సేవ్ చేసి, అందులోంచి చూసి బ్యాంకులో డబ్బు వేస్తే? ఒక గుంట పట్టుబడి, అంటే ఒకసారి పట్టిన సరుకు, లక్షల్లో మాట. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది ఇక్కడే.

గుంట నంబర్ల సంగతీ అంతే. 3-4 గుంట ఏప్రిల్ మూడో తేదీ అయింది. 12ఈ4 గుంట ఒక లక్షా ఇరవై వేలు అయి కూర్చుంది, ఎందుకంటే మధ్యలో ఈ ఉంటే "పది మీద అంత ఘాతం" అని ఎక్సెల్ చదువుతుంది. ఇది మన గుంటలకే వచ్చిన తంటా కాదు. మనిషి జన్యువుల పేర్లలో మార్చ్1, సెప్ట్1 లాంటివి ఎక్సెల్‌లో తేదీలైపోతున్నాయని, ఆ పేర్లు పెట్టే కమిటీ 2020లో జన్యువుల పేర్లనే మార్చేసింది. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ ఆటోమేటిక్ మార్పులను ఆపుకునే సెట్టింగు ఇచ్చింది. కానీ అది ఎవరి కంప్యూటర్లో వాళ్లు పెట్టుకోవాల్సింది. ఆడిటర్ ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కూ నేను వెళ్లి పెట్టలేను కదా.

సీఎస్‌వీలోనే ఉండి దీన్ని దాటే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. నంబరును కోట్స్‌లో పెట్టి ముందు ఈక్వల్ గుర్తు రాయడం. ఎక్సెల్ అప్పుడు దాన్ని అక్షరాలుగా చూపిస్తుంది. నాకు నచ్చలేదు. వేరే ఏ సాఫ్ట్‌వేర్ చదివినా ఆ ఈక్వల్, ఆ కోట్స్ ఖాతా నంబరులో భాగమైపోతాయి.

దీనికి తోడు ఇంకో ప్రమాదం ఉంది. ఈక్వల్, ప్లస్, మైనస్, అట్ గుర్తులతో మొదలయ్యే గడిని ఎక్సెల్ సూత్రంగా తీసుకునే వీలుంది. రిమార్కు కాలమ్‌లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు, అది ఆడిటర్ కంప్యూటర్లో సూత్రంగా నడుస్తుంది. కాటాలో అంత దుర్మార్గులు లేరు గానీ, తలుపు తెరిచి పెట్టడం ఎందుకు? సీఎస్‌వీలో అలాంటి గడి ముందు ఒక సింగిల్ కోట్ పెట్టడం మామూలుగా చెప్పే జాగ్రత్త. అది అక్షరాల కాలమ్స్‌కే పెట్టాలి. తరుగు సర్దుబాటు మైనస్‌లో వచ్చినప్పుడు దానికీ కోట్ తగిలిస్తే ఎక్సెల్ దాన్ని మొత్తంలో కలపదు.

సాయంత్రానికి నిర్ణయం అయిపోయింది. మనుషులకు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, యంత్రాలకు సీఎస్‌వీ. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అనేది నిజానికి ఒక జిప్ ఫైలు, లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాలు ఉంటాయి. అందులో ప్రతి గడికీ ఇది అక్షరం, ఇది సంఖ్య, ఇది తేదీ అని మనమే చెప్పొచ్చు. తెరిచే ప్రోగ్రామ్‌కు ఊహించే పని ఉండదు. ఖాతా నంబరు, ఫోన్, గుంట, రిమార్కు: అక్షరాలు. కిలోలు, తరుగు, నికరం, రేటు, మొత్తం, కౌంట్: సంఖ్యలు. ఫైలు తయారుచేసే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) విలువను చూసి రకం తేల్చే పద్ధతి కాకుండా, ఒక్కో కాలమ్‌కు నేనే పేరుపెట్టి చెప్పాను. కూడాల్సిన సంఖ్యే సంఖ్య, కూడనిదంతా అక్షరమే. ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా?

మొత్తం కాలమ్‌కు మన పద్ధతి కామాలు కావాలన్నాడు మావ. లక్ష దాటాక మూడేసి అంకెలకు కామా వస్తే ఆయనకు లెక్క అందదు. విలువలో కామా పెట్టకుండా గడి ఫార్మాట్‌లో ఇది పెట్టాను:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

లోపల ఉన్నది 124850.5, కనిపించేది 1,24,850.50. మైనస్ లక్షలకు మాత్రం ఇది ఇంగ్లీష్ పద్ధతిలోనే కామా వేస్తుంది. కాటాలో మైనస్ లక్షలు వస్తే కామాల కంటే పెద్ద సమస్యలు ఉన్నట్టే.

శుక్రవారం

వారమంతటికీ అసలు పని ఇవాళ. తేదీ.

చిక్కు వరుసల్లో 12వ తేదీ తెల్లవారుజామున 1:40 తూకం ఫైల్లో 11వ తేదీ రాత్రి 8:10గా వచ్చింది. ఐదున్నర గంటల తేడా, అంటే సర్వర్ గ్రీన్‌విచ్ లెక్కలో ఉంది. తెర మీద మాత్రం ఎప్పుడూ సరిగ్గానే కనిపించింది, ఎందుకంటే అక్కడ ఫోనే సమయాన్ని మన సమయంలోకి మార్చి చూపిస్తుంది. ఫైలు సర్వర్‌లో తయారవుతుంది, అక్కడ ఫోన్ లేదు. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ కాలమ్ లోపల యూటీసీలో, అంటే గ్రీన్‌విచ్ సమయంలోనే ఉంటుంది, బయటికి తీసేటప్పుడు ఆ కనెక్షన్ టైమ్ జోన్‌ను బట్టి మారుతుంది. కనెక్షన్ తెరవగానే టైమ్ జోన్ ప్లస్ 5:30 అని చెప్పేస్తే సరి. ఆసియా కోల్‌కతా అని పేరుతో చెప్పాలంటే సర్వర్‌లో టైమ్ జోన్ పట్టికలు ఎక్కించి ఉండాలి. షేర్డ్ హోస్టింగ్‌లో ఆ నమ్మకం లేదు. మనకు గడియారం ముందుకూ వెనక్కూ తిప్పే వాడుక లేదు కాబట్టి అంకెలతో చెప్పినా ఏ నష్టం లేదు.

వేరే వ్యాపారమైతే ఈ తేడా ఎవరూ పట్టించుకోకపోవచ్చు. దుకాణం పొద్దున తొమ్మిదికి తీసి రాత్రి తొమ్మిదికి మూస్తారు, ఐదున్నర గంటలు వెనక్కి జరిగినా తేదీ మారదు. రొయ్యల పట్టుబడి అలా కాదు. ఎండలో పట్టుకుంటే సరుకు పాడవుతుంది, అందుకే రాత్రికో తెల్లవారుజాముకో వల వేస్తారు. ఒడ్డున పడగానే ఐసు, తూకం, క్రేట్లు, లారీ. అర్ధరాత్రికీ ఐదున్నరకూ మధ్యే తూకాలు ఎక్కువ. సరిగ్గా ఆ గంటల్లోనివే గ్రీన్‌విచ్ లెక్కలో ముందు రోజుకు పోతాయి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు వేసిన తూకం మార్చి 31కి, అంటే పోయిన ఆర్థిక సంవత్సరానికి పోతుంది. ఆడిటర్ గారి దగ్గర ఇది నవ్వుకునే విషయం కాదు.

టైమ్ జోన్ సరిచేసి, పోయిన నెల ఫైలును మావ పుస్తకంతో సరిచూశాను. నెల మొత్తం కలిసింది. రోజువారీ మొత్తాలు కలవలేదు.

మావకే ఫోన్ చేశాను. "మావా, రాత్రి పది గంటలకి కాటా వేస్తే మీ పుస్తకంలో ఏ తేదీ రాస్తారు?"

"తెల్లారితే ఏ తేదీయో అదే రాస్తా అబ్బయ్యా. లారీ పొయ్యేది ఆ పొద్దే కదా."

"మరి కాటా చీటీ మీద ముందు రోజు తేదీ ఉంటది కదా?"

"చీటీ చీటీనే, పుస్తకం పుస్తకమే. పదింటికి మొదలుపెట్టి మూడింటిదాకా తూస్తే ఒక గుంటని రెండు తేదీలు కింద రాస్తారా ఎవరన్నా?"

ఆయన మాటలో తర్కం ఉంది. ఒకే గుంట, ఒకే లోడు, ఒకే బిల్లు. అర్ధరాత్రి దాటిందని లోడును రెండు ముక్కలు చేయడం గడియారానికే అర్థమవుతుంది, వ్యాపారానికి కాదు. డేటాబేస్‌లో ఉన్న సమయం నిజమే, పుస్తకంలో ఉన్న తేదీ కూడా నిజమే. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

అందుకని టేబుల్లో లెక్క తేదీ అని కొత్త కాలమ్ పెట్టాను. సాయంత్రం నాలుగు తర్వాత కొట్టిన ఎంట్రీకి మర్నాటి తేదీ దానంతట అదే పడుతుంది. మావ కావాలంటే మార్చుకోవచ్చు. పాత వరుసలకు నింపడానికి పెద్ద కోడ్ అక్కర్లేకపోయింది. మన సమయానికి ఎనిమిది గంటలు కలిపి తేదీ భాగం తీసుకుంటే చాలు, సాయంత్రం నాలుగుకు ఎనిమిది కలిస్తే అర్ధరాత్రి కాబట్టి. అలా నింపాక మళ్లీ పుస్తకంతో చూస్తే, ఏవో కొన్ని తప్ప అన్నీ కలిశాయి. ఆ కొన్ని వాన వచ్చి లారీ ఆగిన రోజులవని మావే చెప్పి, ఆయనే మార్చుకున్నాడు.

ఫైల్లో ఇప్పుడు కాటా సమయం, లెక్క తేదీ రెండు కాలమ్స్. "నుంచి, వరకు" అని ఎంచుకునేది లెక్క తేదీ మీదే. ఆడిటర్ గారిని అడిగితే, బిల్లు తేదీ ఏదో అదే తనకు కావాలన్నారు. బిల్లు పొద్దున కొడతారు, అది లెక్క తేదీయే.

తేదీని ఫైల్లో రాయడానికీ ఒక పద్ధతి కావాలి. 03/04 అని అక్షరాలుగా రాస్తే, అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటర్లో అది మార్చి 4. అదే కాలమ్‌లో 13/04 మాత్రం తేదీ కాకుండా అక్షరంగా ఉండిపోతుంది. సగం మారి, సగం మారని కాలమ్ కంటే పూర్తిగా చెడింది నయం, వెంటనే దొరుకుతుంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో తేదీ నిజానికి ఒక రోజుల సంఖ్య. 2025 ఏప్రిల్ 1 అంటే 45748. ఆ సంఖ్య రాసి, తేదీలా చూపించమని ఫార్మాట్ ఇస్తే ఏ దేశపు సెట్టింగు ఉన్నా అదే తేదీ. సీఎస్‌వీలో అయితే 2025-04-01 అని, సంవత్సరం ముందు.

శనివారం

మిగిలినవి ప్లంబింగ్ పనులు, త్వరగా రాసేస్తాను.

పాత సంవత్సరాలు కలిపితే ఇరవై వేల వరుసలు దాటతాయి. కాలమ్స్ పదిహేను వేసుకున్నా మూడు లక్షల గడులు. అన్ని గడులనూ మెమరీలో ఉంచుకునే లైబ్రరీలో ఒక్కో గడికి సుమారు ఒక కిలోబైటు పోతుందనుకుంటే 300 ఎంబీ. పీహెచ్‌పీకి మామూలుగా ఉండే పరిమితి 128. కాబట్టి ఒక్కో వరుస రాసి వదిలేసే ఓపెన్‌స్పౌట్ అనే లైబ్రరీ తీసుకున్నాను. డేటాబేస్ వైపు కూడా అంతే, పీడీఓ (పీహెచ్‌పీని డేటాబేస్‌తో కలిపే భాగం) ఫలితం మొత్తాన్ని ముందే తెచ్చి పెట్టుకోకుండా బఫర్ ఆపేశాను. అలా చదువుతున్నంతసేపూ అదే కనెక్షన్ మీద ఇంకో క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) నడవదు, అందుకని రైతు పేరు, ఊరు ఒకే క్వెరీలో జాయిన్ చేసి తెచ్చాను.

ఆడిటర్ ఆఫీసు కోసం పాత ఎక్స్‌ఎల్‌ఎస్ కూడా ఇద్దామా అని ఓనరన్న అడిగాడు. వద్దన్నాను. అందులో వరుసలు 65,536 వరకే. 2020లో ఇంగ్లండ్‌లో పాత ఫార్మాట్ పరిమితి వల్లే 15,841 కొవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. కొత్తదాంట్లో 10,48,576 వరుసలు పడతాయి. మన కాటా ఆ సంఖ్య చేరాలంటే పెన్నలో చాలా నీళ్లు పోవాలి.

డౌన్‌లోడ్ అయిన ఫైలు పాడైందని ఎక్సెల్ అంటే, ముందు దాని మొదటి రెండు బైట్లు చూడండి. జిప్ కాబట్టి పీ, కే అనే ఇంగ్లీష్ అక్షరాలు ఉండాలి. జిప్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు అవి. వాటి ముందు ఖాళీ లైను గానీ పీహెచ్‌పీ వార్నింగ్ గానీ దూరితే ఫైలు తెరుచుకోదు. ఎక్కడో ఒక ఇంక్లూడ్ ఫైలు (కోడ్‌లోకి కలిపే మరో ఫైలు) చివర ఉన్న ఖాళీ లైను చాలు. ఎక్స్‌పోర్ట్ కోడ్ మొదలవగానే అవుట్‌పుట్ బఫర్ (బయటికి పోవాల్సింది ఆగి ఉండే చోటు) ఖాళీ చేయించాను.

ఫైలు పేరు తెలుగులో పెట్టడానికి ఫైలుకు ముందు బ్రౌజర్‌కు వెళ్లే హెడర్‌లో రెండు పేర్లు పంపాలి, ఒకటి మామూలు ఇంగ్లీష్ అక్షరాల్లో, రెండోది యూటీఎఫ్-8 అని చెప్పి శాతం గుర్తులతో రాసింది. కొత్త బ్రౌజర్లు రెండోదాన్ని తీసుకుంటాయి.

సోమవారం

కాటా ఆఫీసులో బటన్లు పెట్టేశాను. మొదటిది "ఎక్సెల్ ఫైల్", రెండోది చిన్నగా కింద "వేరే సాఫ్ట్‌వేర్ కోసం సీఎస్‌వీ". మావ మొదటిది నొక్కాడు, ఫైలు తెరిచాడు, నేరుగా ఖాతా నంబర్ల కాలమ్‌కు పోయి పుస్తకం పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో అంకె చదువుకుంటూ కిందికి దిగాడు. నేను కూర్చుని టీ తాగాను. చివరి వరుస దాకా చూశాక "సరే అబ్బయ్యా, వాట్సాప్‌లో పంపేదెట్టా?" అన్నాడు.

ఆడిటర్ ఆఫీసు నుంచి మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఫైలు బాగుంది, అడ్వాన్సు కాలమ్ లేదేమిటని. రైతుకు మేత కోసం ముందే ఇచ్చిన డబ్బు పట్టుబడి రోజు మినహాయించుకుంటారు. అది మా టేబుల్లో లేదు, ఓనరన్న చిన్న నోటుబుక్కులో ఉంది. ఆ బుక్కు ఎవరికీ చూపించడు. దాన్ని డేటాబేస్‌లోకి తెస్తాడో, ఫైల్లో ఖాళీ కాలమ్ ఒకటి పెట్టి చేత్తో నింపుకుంటానంటాడో బుధవారం కూర్చుని మాట్లాడాలి.